కీమో కాలంలో సహనం, చికిత్స, ఆరాధన

దైవప్రవక్త (స) కాలంలో కొందరు సహాబాలు ఒక ప్రయాణంలో ఉన్నారు. వారిలో ఒకరికి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ స్థితిలో ఆయనకు గుస్ల్ చేయవలసిన అవసరం వచ్చింది. తాను తయమ్ముమ్ చేసుకోవచ్చా అని ఆయన తోటివారిని అడిగారు. నీళ్లు దొరుకుతున్నాయి గనుక అనుమతి లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు. దాని మూలంగానే మరణించారు. సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (స) వారిని తీవ్రంగా మందలించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని, అజ్ఞానానికి మందు అడగడమేనని బోధించారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది.

ఆ సహాబాలకు దురుద్దేశమేమీ లేదు. ధర్మాన్ని పాటించాలన్న తపనతోనే అలా చెప్పారు. అయినా ఒక రోగి ప్రాణం పోయింది. ఈనాడు మన ఇళ్లలో రొమ్ము క్యాన్సర్‌కు కీమో చికిత్స పొందుతున్న సోదరీమణుల విషయంలో ఇలాంటి పొరపాటే జరిగే ప్రమాదం ఉంది. బాధను పంటి బిగువున ఓర్చుకుంటే అదే సహనమని కొందరు అనుకుంటారు. జ్వరం వచ్చినా ఇంట్లో వారిని లేపరు. వాంతులు ఆగకపోయినా డాక్టరుకు చెప్పరు. నీళ్లు తాగవలసిన రోజుల్లో రోజా వదలరు. చివరికి తట్టుకోలేక, కీమో తనకు పడలేదని చికిత్సనే మానేస్తారు.

కీమో వల్ల కలిగే ఇబ్బందులు చాలావరకు ముందే తెలిసినవి. వాటిలో అనేకం తాత్కాలికమైనవి, అదుపు చేయదగినవి. వేళకు నోరు విప్పి చెప్పడం, సరైనవారిని అడగడం, అల్లాహ్ రోగికి ఇచ్చిన సౌలభ్యాలను వాడుకోవడం ఈ చికిత్సలో భాగమేనని ప్రతి కుటుంబం గ్రహించాలి.

ఈ బాధలు ఎందుకు కలుగుతాయి?

రొమ్ము క్యాన్సర్ వచ్చిన వారందరికీ కీమో అవసరపడదు. గడ్డ పరిమాణం, అది చంకలోని గ్రంథులకు పాకిందా లేదా, దాని స్వభావం ఏమిటన్నది చూసి డాక్టర్లు నిర్ణయిస్తారు. కొందరికి గడ్డను చిన్నది చేయడానికి ఆపరేషన్‌కు ముందు ఇస్తారు. కొందరికి ఎక్కడైనా మిగిలి ఉన్న కణాలను చంపడానికి ఆపరేషన్ తర్వాత ఇస్తారు. సాధారణంగా 3 నుంచి 6 నెలలపాటు, వారానికో, రెండు మూడు వారాలకో ఒకసారి సెలైన్ ద్వారా మందు ఎక్కిస్తారు.

క్యాన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి. కీమో మందు అలా విభజన చెందే కణాలను దెబ్బతీస్తుంది. అయితే మన శరీరంలో మరికొన్ని మంచి కణాలు కూడా వేగంగా పెరిగేవే. తల వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, రక్తకణాలను తయారుచేసే ఎముకల మజ్జ అలాంటివి. మందు వాటినీ తాకుతుంది. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, విరేచనాలు అవుతాయి, రక్తకణాలు తగ్గుతాయి. మంచి కణాలు మళ్లీ కోలుకుంటాయి. రెండు డోసుల మధ్య విరామం ఇచ్చేది అందుకోసమే.

బాధ చెప్పుకోవడం సహనానికి విరుద్ధమా?

కాదు. హజ్రత్ అయ్యూబ్ (అలై) సహనానికి మారుపేరు. ఆయన తనకు కలిగిన బాధను అల్లాహ్‌తో మొరపెట్టుకున్న విషయం ఖుర్ఆన్ 21వ సూరా 83వ ఆయత్‌లో ఉంది. అదే అయ్యూబ్ (అలై)ను సహనశీలిగా 38వ సూరా 44వ ఆయత్‌లో అల్లాహ్ ప్రశంసించాడు. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి తన తలనొప్పి గురించి చెప్పుకున్నప్పుడు దైవప్రవక్త (స) ఆమెను తప్పుపట్టలేదు, తన తలనొప్పి సంగతి కూడా చెప్పారు. ఈ విషయం బుఖారీలో ఉంది. దైవనిర్ణయాన్ని నిందించడం వేరు, డాక్టరుకు, ఇంటివారికి బాధ తెలియజేయడం వేరు.

కీమోలో మౌనం ఎంత ప్రమాదకరమో ఒక ఉదాహరణ చూడండి. రొమ్ము క్యాన్సర్‌కు తరచూ వాడే డోక్సోరూబిసిన్ ఎర్రటి రంగులో ఉండే మందు. అది నరంలోకి వెళ్లకుండా పక్కన కండలోకి కారితే అక్కడి చర్మం, కండ పాడైపోతాయి. మందు ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర మంట, నొప్పి, వాపు కనిపిస్తే ఆ క్షణంలోనే నర్సును పిలవాలి. ‘ఇంకాసేపట్లో అయిపోతుందిగా’ అని ఓర్చుకోవలసిన నొప్పి కాదది.

ఈ మందు తీసుకున్నాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగు, రక్తం కాదు. దీనితోపాటు ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయాన్ని మంట పెట్టగలదు. కాబట్టి ఆ రోజుల్లో డాక్టరు చెప్పినంత నీరు తాగాలి, మూత్రం ఆపుకోకూడదు. రెండు రోజుల తర్వాత కూడా మూత్రం ఎర్రగా ఉన్నా, మంటగా ఉన్నా చెప్పాలి.

జ్వరాన్ని తేలికగా తీసుకోకండి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోదలిస్తే దీన్ని గుర్తుంచుకోండి. కీమో తీసుకున్న సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గిపోతాయి. సూక్ష్మక్రిములతో పోరాడే సైన్యం అదే. ఆ సమయంలో చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా గంటల్లో ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో తప్పనిసరిగా థర్మామీటర్ ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే అది అత్యవసర పరిస్థితి. అర్ధరాత్రి అయినా, ఫజ్ర్ వరకు ఆగకుండా చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. ఆ ఆసుపత్రి దూరమైతే దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లి, కీమో తీసుకుంటున్న సంగతి ముందుగా చెప్పాలి. వాహనం లేకపోతే 108కు ఫోన్ చేయాలి. డాక్టరును అడగకుండా పారాసిటమాల్ వేసుకోకూడదు. మాత్ర జ్వరాన్ని కప్పిపుచ్చుతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. జ్వరం లేకపోయినా వణుకు, ఆయాసం, మతి తప్పినట్టుండటం కనిపిస్తే ఇదే పద్ధతి.

జ్వరం పాపాలను కడిగివేస్తుంది గనుక దాన్ని తిట్టవద్దని దైవప్రవక్త (స) ఉమ్మె సాయిబ్ (రజి)కు చెప్పిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. జ్వరానికి వైద్యం వద్దని ఆ హదీసుకు అర్థం కాదు. చికిత్స చేయించుకోవచ్చా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగినప్పుడు చేయించుకోమనే దైవప్రవక్త (స) చెప్పారు. నిందించకుండా ఉండటమూ మన బాధ్యతే, ఆసుపత్రికి పరుగెత్తడమూ మన బాధ్యతే.

తెల్లకణాలు మరీ తగ్గకుండా కొందరికి కీమో మరునాడు ఇంజెక్షన్ ఇస్తారు. దానివల్ల నడుములో, ఎముకల్లో నొప్పులు రావచ్చు. అవి కొద్ది రోజుల్లో తగ్గుతాయి.

వికారం, వాంతులు, ఆహారం

వాంతులకు ఇప్పుడు మంచి మందులు ఉన్నాయి. అయితే అవి వాంతి అయ్యాక వేసుకునేవి కావు, వాంతి రాకుండా వేసుకునేవి. డాక్టరు రాసిచ్చిన మాత్రలు వికారం లేకపోయినా చెప్పిన రోజులన్నీ వేళకు వేసుకోవాలి. మొదటి రోజు బాగానే ఉండి, రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు వికారం పట్టుకోవడం కూడా సాధారణమే. ఒక మందు పనిచేయకపోతే మరొకటి ఉంది. తర్వాతి డోసుకు వెళ్లినప్పుడు ఎన్నిసార్లు వాంతి అయ్యిందో చెబితే మందు మారుస్తారు. రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే తర్వాతి డోసు వరకు ఆగకుండా వెంటనే వెళ్లాలి.

మూడు పూటలా కడుపునిండా తినాలని బలవంతం చేయవద్దు. కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి. గంజి, సగ్గుబియ్యం జావ, ఇడ్లీ, పలుచని కిచిడీ, మజ్జిగ, పప్పు, బాగా ఉడికిన గుడ్డు, కోడి షోర్బా వంటివి పట్టవచ్చు. వేడి వంటకాల వాసనకే కొందరికి కడుపులో తిప్పుతుంది. అలాంటివారికి చల్లారిన ఆహారం నయం. బిర్యానీ దమ్ పెట్టే వేళకు, పోపు వేసే వేళకు ఆమెను గాలి వచ్చే మరో గదిలో కూర్చోబెట్టండి. అత్తరు, ఊదు పొగ కూడా ఆ రోజుల్లో ఆమెకు పడకపోవచ్చు.

శుభ్రత విషయంలో రాజీ వద్దు. కాచి చల్లార్చిన నీరు, కాచిన పాలు, అప్పుడే వండిన అన్నం ఇవ్వాలి. రోడ్డు పక్కన కోసి అమ్మే పండ్లు, పచ్చి గుడ్డు, సరిగా ఉడకని మాంసం పెట్టకూడదు. దమ్ చేసిన నీళ్లు ఇవ్వదలిస్తే ముందు ఆ నీటిని కాచి చల్లార్చండి. కలౌంజీ, యునానీ మందులు, ఆకు పసర్లు, చూర్ణాలు ఏవి వాడినా డాక్టరుకు తెలియాలి. కొన్ని మూలికలు కీమో మందుతో కలిసి కాలేయానికి హాని చేస్తాయి, కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి. హిజామా కూడా కీమో కాలంలో డాక్టరు అనుమతి లేకుండా చేయించుకోకూడదు. రక్తకణాలు తగ్గి ఉన్నప్పుడు చర్మంపై గాటు పెడితే రక్తం ఆగకపోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

నోరు, కడుపు

నోటిపూతకు ముందు జాగ్రత్తే మంచి వైద్యం. మెత్తని బ్రష్ వాడాలి. ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి ఉంచుకుని, రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మివేయాలి. మిస్వాక్ అలవాటున్నవారు గట్టి పుల్లతో చిగుళ్లు గీరుకుపోకుండా చూసుకోవాలి, నోరు పూసినప్పుడు దాన్ని ఆపాలి. కారం, పులుపు, పాన్, వక్క మానాలి. నోటిలో తెల్లని పూత కనిపించినా, మింగలేకపోయినా డాక్టరుకు చూపాలి.

వాంతులకు ఇచ్చే మందుల వల్లే కొందరికి మలబద్ధకం వస్తుంది. మరికొందరికి కీమో వల్ల విరేచనాలు అవుతాయి. రెండూ చెప్పవలసినవే. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ద్రావణం తాగించాలి. అవి ఆగకపోయినా, రక్తం పడినా, జ్వరం తోడైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక్కడ బిడియం గురించి ఒక మాట. నెలసరి ఆగిపోవడం, యోనిలో పొడితనం, మంట, మొలలు వంటివి మగ డాక్టరుతో చెప్పడానికి మన స్త్రీలు వెనుకాడతారు. హయా విశ్వాసంలో భాగమే. కానీ వైద్య అవసరం మేరకు చెప్పడం, చూపించడం ధర్మసమ్మతమే. మహిళా డాక్టరు గానీ నర్సు గానీ ఉంటే వారితో చెప్పండి. లేకపోతే భర్త ద్వారా, కూతురి ద్వారా, కాగితంపై రాసి అయినా తెలియజేయండి. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదని అనుకోకూడదు. కీమో కాలంలో గర్భం బిడ్డకు ప్రమాదకరం కావచ్చు. హార్మోన్లు లేని జాగ్రత్త పద్ధతి ఏదో దంపతులిద్దరూ డాక్టరును అడగాలి.

జుట్టు రాలినప్పుడు

డోక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్ వంటి మందులతో మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకు జుట్టు రాలడం మొదలవుతుంది. కనుబొమలు, రెప్పలు కూడా పోవచ్చు. ఇది ముందే తెలిస్తే దిగులు కొంత తగ్గుతుంది. కొందరు జుట్టును ముందుగానే పొట్టిగా కత్తిరించుకుంటారు. ఇంట్లో మెత్తని నూలు టోపీ గానీ రుమాలు గానీ తలకు హాయిగా ఉంటుంది. చికిత్స ముగిసిన కొన్ని వారాలకు అత్యధికుల్లో జుట్టు మళ్లీ మొలకెత్తుతుంది. మొదట్లో దాని రంగు, ఒత్తు వేరుగా ఉండవచ్చు.

విగ్గు పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒక అన్సారీ యువతికి జబ్బు చేసి జుట్టు రాలిపోయినప్పుడు, ఇతరుల జుట్టు అతికించవచ్చా అని ఆమె వాళ్లు అడిగారు. దైవప్రవక్త (స) వారించారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. కాబట్టి మనుషుల జుట్టుతో చేసిన విగ్గు విషయంలో జాగ్రత్త అవసరం. కృత్రిమ నారతో చేసినవాటిని పలువురు హనఫీ ఉలమాలు అనుమతించారు. మీరు అనుసరించే ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. విగ్గు ఉంటే వుజూలో దాన్ని తీసి తలపై మసహ్ చేయాలి. వెంట్రుకలు లేని తల చర్మంపై చేసిన మసహ్ చెల్లుతుంది.

అద్దంలో తనను తాను చూసుకోలేక ఆమె కుమిలిపోతున్నప్పుడు భర్త చెప్పే ఒక్క ఆప్యాయమైన మాట ఏ మందుకూ తీసిపోదు. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో ఆమె తల గురించి గుసగుసలాడటం గీబత్ అని, అది పాపమని బంధువులకు గుర్తుచేయాలి.

అలసట, తిమ్మిర్లు

కీమో అలసట పడుకుంటే తీరిపోయే అలసట కాదు. బద్ధకమూ కాదు. రక్తహీనత, నిద్రలేమి, దిగులు కూడా దానికి తోడవుతాయి. వాటికి చికిత్స ఉంది. రోజంతా మంచం పట్టకుండా, ఓపిక ఉన్నంతలో ఇంటి ముందు పది నిమిషాలు నడవడం అలసటను తగ్గిస్తుందని వైద్యులు చెబుతున్నారు. చెప్పబోయిన మాట మరిచిపోవడం, లెక్క తప్పడం కూడా ఈ రోజుల్లో మామూలే. మందుల వేళలు, జ్వరం రీడింగు, వాంతుల సంఖ్య ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. డాక్టరు ముందు ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

పాక్లిటాక్సెల్, డోసెటాక్సెల్ మందులతో వేళ్లకు, పాదాలకు తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం జరుగుతుంది. బొత్తాలు పెట్టుకోలేకపోతున్నా, చెప్పు జారిపోయినా తెలియకపోతున్నా వెంటనే చెప్పాలి. అవసరమైతే మోతాదు తగ్గిస్తారు. ఆలస్యమైతే ఆ తిమ్మిరి చాలాకాలం ఉండిపోవచ్చు. స్పర్శ తగ్గిన చేతులతో వేడి గిన్నెలు దించకూడదు. వుజూ నీరు ఎంత వేడిగా ఉందో మరొకరు చూసి ఇవ్వాలి. ఆయాసం, కాళ్ల వాపు, గుండె దడ కనిపించినా దాచకూడదు. డోక్సోరూబిసిన్, ట్రాస్టూజుమాబ్ మందులు గుండెను బలహీనపరచగలవు. ఎకో పరీక్ష చేయించేది అందుకే.

వుజూ, నమాజ్

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు మొలల బాధ ఉండేది. ఆయన నమాజ్ గురించి అడిగినప్పుడు నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి పడుకుని చేయమని దైవప్రవక్త (స) చెప్పారు. ఇది బుఖారీ హదీసు. కళ్లు తిరుగుతున్న సోదరి పట్టుబట్టి నిలబడి పడిపోతే అందులో పుణ్యం ఏముంది?

సెలైన్ గొట్టం గానీ కట్టు గానీ ఉన్న చోట తడవకూడదు. మిగతా అవయవాలు కడిగి, కట్టు మీద తడి చేత్తో మసహ్ చేస్తే చాలు. తడి కూడా తగలకూడదని డాక్టరు చెబితే ఆలిమ్‌ను అడగండి. నీరు హాని చేస్తుందని డాక్టరు చెబితే తయమ్ముమ్ ఉంది. రక్తకణాలు తగ్గినప్పుడు మట్టిలో చేతులు పెట్టడం మంచిది కాదు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం కడిగి ఆరబెట్టిన రాతిపై తయమ్ముమ్ చేసినా చెల్లుతుంది.

నోటినిండా వాంతి అయితే హనఫీ ఫిఖ్హ్‌లో వుజూ పోతుంది, షాఫయీ ఫిఖ్హ్‌లో పోదు. విరేచనాలు ఎడతెగక, ఒక నమాజ్ వేళ మొత్తంలో వుజూ చేసి ఫర్జ్ నమాజ్ చదివేంత వ్యవధి కూడా దొరకనివారు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మాజూర్‌గా పరిగణింపబడతారు. వారికి ఒక నమాజ్ వేళకు ఒక వుజూ సరిపోతుంది. మాటిమాటికీ లేవలేనివారు జుహర్‌ను దాని చివరి వేళలో, అస్ర్‌ను దాని తొలి వేళలో ఒకదాని వెంట ఒకటి చదువుకోవచ్చు. హన్బలీ, మాలికీ ఫఖీహులు రోగికి రెండు నమాజులు కలిపి చదివే అనుమతి కూడా ఇచ్చారు.

రోజా విషయం

2వ సూరా 184, 185 ఆయతుల్లో అల్లాహ్ రోగికి రోజా నుంచి మినహాయింపు ఇచ్చి, ఇతర దినాల్లో ఆ సంఖ్య పూర్తిచేయమన్నాడు. తాను ప్రజలకు సౌలభ్యాన్నే కోరుతున్నానని కూడా అక్కడే తెలియజేశాడు. కీమో రోజుల్లో నీళ్లు తగ్గితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, మాత్రల వేళలు తప్పుతాయి, నీరసం ముదురుతుంది. డాక్టరు వద్దన్నప్పుడు రోజా వదలడం దైవాజ్ఞను మీరడం కాదు, అదే ఆజ్ఞలోని మినహాయింపును స్వీకరించడం. కోలుకునే ఆశ ఉన్నవారు చికిత్స ముగిసి బలం వచ్చాక ఖజా చేయాలి. ఇక ఎన్నటికీ రోజా ఉండలేరని తేలినవారు ప్రతి రోజాకు బదులుగా ఒక పేదకు అన్నం పెట్టే ఫిద్యా చెల్లిస్తారు. ఫిద్యా ఇచ్చేశాం గదా అని కోలుకున్నాక ఖజా వదలరాదు.

‘అందరూ రోజాలో ఉంటే నేనొక్కదాన్నే తింటున్నాను’ అని ఆ సోదరి బాధపడవచ్చు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే ఆరాధనల పుణ్యం, వ్యాధి వల్ల చేయలేకపోయిన రోజుల్లోనూ దాసుని ఖాతాలో రాయబడుతుందని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన బుఖారీ హదీసు తెలుపుతోంది. ఇంతకు మించిన ఓదార్పు ఏం కావాలి?

ఇంటివారి బాధ్యత

దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో కుటుంబానికి సాయపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. భార్య కీమోలో ఉన్నప్పుడు వంటగదిలోకి వెళ్లడానికి సిగ్గుపడే భర్త ఈ సున్నత్‌ను తలచుకోవాలి. అత్త, ఆడపడుచు, పిల్లలు పనులు పంచుకోవాలి. మందు ఎక్కించిన తర్వాత 48 గంటలపాటు ఆమె వాంతి, మూత్రం అంటిన బట్టలను చేతితొడుగులు వేసుకుని విడిగా ఉతకాలి. మరుగుదొడ్డి మూత వేసి రెండుసార్లు నీళ్లు వదలాలి. అది మందు అవశేషాల గురించి తీసుకునే జాగ్రత్త మాత్రమే. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఆమె కంచం, పక్క వేరు చేయనవసరం లేదు. పిల్లలను ఆమె ఒడికి దూరం చేయనవసరం లేదు.

రోగిని పరామర్శించడం గొప్ప పుణ్యకార్యం. అయితే జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు ఫోన్‌లోనే పలకరించి దుఆ చేయడం ఆమెకు మేలు. వెళ్లేవారు చేతులు కడుక్కుని, కొద్దిసేపు కూర్చుని లేవాలి. ఫలానా ఖాలా ఇదే జబ్బుతో పోయిందన్న కబుర్లు ఆ గదిలో వద్దు. ఆసుపత్రికి తోడు వెళ్లడం, పిల్లలను బడికి దించడం, ఒక పూట వంట పంపడం నిజమైన పరామర్శ.

ఖర్చు భయంతో చికిత్స ఆపేవారూ ఉన్నారు. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకాల కింద అర్హులైన కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స లభిస్తుంది. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ ఆసుపత్రి. పథకంలో ఏ మందులు వస్తాయో, ఏవి బయట కొనాలో మొదటి రోజే అక్కడి సహాయ కేంద్రంలో అడిగి తెలుసుకోండి. అర్హులైన రోగులకు జకాత్ ఇవ్వదలచినవారు మందుల ఖర్చుతోపాటు రాకపోకల ఖర్చును కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

మధ్యలో ఆపవద్దు

రెండు డోసులయ్యాక బాధ భరించలేక, లేదా గడ్డ తగ్గింది గదా అని కొందరు ఇంటిదారి పడతారు. కంటికి కనిపించని కణాలు మిగిలి ఉంటే వ్యాధి తిరగబడే ప్రమాదం ఉంది. బాధ ఎక్కువైతే చికిత్స మానడం ఒక్కటే మార్గం కాదు. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, రక్తకణాలు పెరిగేదాకా వారం ఆగవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుతో కలిసి తీసుకోవాలి.

ప్రతి ఇంటా ఈ నాలుగు విషయాలు గోడమీద రాసి ఉంచుకోండి. ఒకటి, ఆసుపత్రి అత్యవసర ఫోన్ నెంబరు. రెండు, 100.4 డిగ్రీల జ్వరం వస్తే ఆ క్షణమే బయలుదేరాలన్న మాట. మూడు, మందుల వేళలు. నాలుగు, తర్వాతి కీమో తేదీ.

మన దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాన్ని కాపాడుకోవడానికి అడగడం, చెప్పడం, మందు వేసుకోవడం కూడా ఇబాదత్ భావంతో చేయవచ్చు. వ్యాధితో పోరాడుతున్న మన సోదరీమణులందరికీ అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! వారి సేవలో ఉన్నవారికి ఓర్పును, ఆప్యాయతను ప్రసాదించుగాక! ఆమీన్.